త్రెబోన్ చెరువుల ఒడ్డున నాలుగు రోజుల బస

హనుమకొండలో ఉంటూ నీటిపారుదల పనుల్లో ముప్ఫై ఏళ్లు గడిపి, పాకాల, రామప్ప కట్టల మీద లెక్కలేనన్ని సార్లు నడిచిన నేను, ప్రాగ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పట్టుబట్టడంతో గత అక్టోబరులో చెక్ దేశపు దక్షిణ బొహీమియా ప్రాంతంలోని త్రెబోన్ అనే చిన్న పట్టణానికి వెళ్లాను. ఊరిని ఆనుకుని ఉన్న స్వేత్ చెరువుకు దగ్గరలో, ఒక కుటుంబం నడుపుతున్న ఆరు గదుల ఇంట్లో దిగాము.

గది శుభ్రంగా, వెచ్చగా ఉంది. అన్నిటికన్నా మేలు చేసింది వారు అద్దె లేకుండా ఇచ్చిన సైకిళ్లు. వాటి మీదే పొలాల వెంట వెళ్లి, 1584–1590 మధ్య యాకుబ్ క్ర్చీన్ కట్టించిన రోజంబెర్క్ చెరువును చూశాను. రెండు కిలోమీటర్లు దాటిన ఆ మట్టికట్ట పొడవునా పాత ఓక్ చెట్లున్నాయి. కట్ట మీద చెట్టు మొలిస్తే వేళ్ల వెంట నీరు ఊరుతుందని మేము కొట్టించేవాళ్లం. అక్కడ మాత్రం వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయనే నాటారట. 2002 నాటి పెద్ద వరదకు కూడా ఆ కట్ట తెగలేదు. చాలాసేపు ఒక మాను మొదట్లో కూర్చుని కట్ట వాలును చూస్తూ ఉండిపోయాను.

మన చెరువు ఆయకట్టు కోసం, వారి చెరువు చేప కోసం. అందుకే శరదృతువులో తూము ఎత్తి రోజుల తరబడి నీరు వదిలి, చేపలన్నీ తూము ముందరి లోతైన గుంటలోకి చేరాక వల లాగుతారు. ఇంటివారు చెప్పిన ఒక పల్లెకు తెల్లవారకముందే వెళ్లి ఆ పని చూశాను. నడుము దాకా రబ్బరు బూట్లు తొడిగినవారు చేపలను బల్ల మీద పోసి, చేత్తో తడిమి పరిమాణాన్ని బట్టి వేరుచేసి, నీటితొట్లున్న లారీలోకి ప్రాణంతోనే ఎక్కించారు. ఆ చేప మన బంగారు తీగే (కామన్ కార్ప్). క్రిస్మస్ ముందటి రాత్రి చెక్ ఇళ్లలో వేయించుకునేది కూడా ఆ చేపనే.

భోజనం విషయంలో మాత్రం నిరాశపడ్డాను. వంటగది ఎనిమిదికే మూసేస్తారని ముందుగా చెప్పకపోవడం వల్ల మొదటి రాత్రి రొట్టెతో సరిపెట్టుకున్నాము. శాకాహారి అయిన నా శ్రీమతికి మిగిలిన మూడు రోజులూ వేయించిన చీజ్, ఉడికించిన ఆలుగడ్డ తప్ప మరేదీ పెట్టలేదు. అంత ఆదరంగా చూసుకున్న ఇంటివారు ఈ ఒక్కటి సరిచేసుకోవాలని కోరుతున్నాను.

చెరువులంటే ఇష్టమున్నవారికి ఈ బసను నిస్సంకోచంగా సూచిస్తాను. అక్టోబరులో వెళితే వల లాగే రోజు ఏదో గది తీసుకునేటప్పుడే అడగండి. శాకాహారులు అటుకులు, పచ్చడి వెంట ఉంచుకోండి.