రిపోర్ట్‌లో 1640 పొరలు, నా ఇంపెల్లర్‌కి వెయ్యే! మెటల్ ప్రింటింగ్ చేయించేవాళ్లు జాగ్రత్త

కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. బాలానగర్, జీడిమెట్ల వైపు పని చేసేవాళ్లకి ఎవరి సంగతో పేరు చెప్పకుండానే తెలుస్తుంది. గోడకి పెద్ద టీవీ పెట్టి, లోపల ప్రింట్ అవుతుంటే పచ్చ గీతలు పరిగెత్తించి చూపిస్తారే, ఆ మెటల్ 3డి ప్రింటింగ్ షాపువాళ్లే. లోహపు పొడిని పొరపొరగా పరిచి, లేజర్‌తో కరిగించి పార్ట్ చేసిస్తారు.

ఫార్మా కస్టమర్‌కి యాసిడ్ పంపు ఇంపెల్లర్లు, అంటే పంపులో తిరిగే రెక్కల చక్రాలు, ఆరు కావాలి. ఉత్త టైటానియం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఎక్కువకాలం నిలవదు, మాలిబ్డినం కలిస్తే మెరుగు. 15 శాతం అనుకున్నాం. ముందే కలిపి చేసిన అలాయ్ పౌడర్ తెప్పిస్తే ఖరీదు, ఆలస్యం. "రెండు పొడులూ కలిపి పోసేస్తాం అన్నా, కరిగేటప్పుడు లేజరే కలిపేస్తుంది, ఇన్-సిటూ అలాయింగ్" అన్నాడు ఆ షాపు అతను. మెల్ట్‌పూల్ మానిటరింగ్‌కి, అంటే లేజర్ కింద కరిగే లోహపు మడుగుని గమనించడానికి, విడిగా 18 వేలు. ప్రతి పొరకీ సెన్సార్ కాపలా అట. ఒప్పేసుకున్నాను. కోతలో రాలే లోహపు చిప్ రంగు చూసి టూల్ అరిగిందో లేదో చెప్పే మనిషిని, టీవీలో పచ్చ గీత చూసి పడిపోయాను.

పదకొండో రోజు కస్టమర్ ఫోన్. రెక్కల అంచులు చీమలు తిన్న బెల్లంలా ఉన్నాయి. ఒకదాన్ని వైర్‌కట్‌లో కోయించి ల్యాబ్‌కి తీసుకెళ్లాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ స్క్రీన్ మీద బూడిద రంగులో అక్కడక్కడ తెల్లటి గింజలు. రంధ్రాలేమో అనుకున్నాను. "రంధ్రమైతే నల్లగా కనబడుతుంది సార్. ఇంత తెల్లగా ఉందంటే బరువైన లోహం" అన్నాడు అక్కడి కుర్రాడు. కరగని మాలిబ్డినం! ఒక గింజ కొలిస్తే 40 మైక్రాన్లు. టైటానియం 1668 డిగ్రీలకి కరుగుతుంది, మాలిబ్డినానికి 2623 కావాలి. లేజర్ దాటిపోయాక ఆ చిన్న మడుగు రెప్పపాటు కూడా ఆగదు, గడ్డకట్టేస్తుంది. పెద్ద గింజలు సరిగా ఉడకని పప్పులో బద్దల్లా మిగిలిపోయాయి. గింజ ఉన్నచోట మాలిబ్డినం కుప్ప, పక్కన కరువు. యాసిడ్ ఆ కరువు చోటే పట్టుకుంది.

ఇక్కడిదాకా అయితే కొత్త పని, తప్పు జరిగింది అనుకుని సర్దుకునేవాణ్ణేమో. ఇంటికొచ్చి, డబ్బు కట్టి తీసుకున్న ఆ మానిటరింగ్ రిపోర్ట్ మొదటిసారి తెరిచాను. అవును, మొదటిసారే. తిట్టుకోండి, నేనూ తిట్టుకుంటున్నాను. చివరి పొర నంబర్ 1640. నా ఇంపెల్లర్ ఎత్తు సపోర్టులతో కలిపి 30 మిల్లీమీటర్లు, పొర మందం 30 మైక్రాన్లు. మా అమ్మాయి నోటి లెక్కతో చెప్పేసింది, వెయ్యి. అంటే నాకు తెలియకుండా నా ఇంపెల్లర్ 49 మిల్లీమీటర్ల ఎత్తుకి పెరిగిందన్నమాట. పంపులో ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి.

షాపు అతనికి ఫోన్ చేశాను. కాసేపు నీళ్లు నమిలాడు. తర్వాత, "అదీ... ఆ వారం మానిటరింగ్ లైసెన్స్ అయిపోయింది. ఫార్మాట్ కోసం పాత జాబ్‌ది పెట్టాం."

ఫార్మాట్ కోసం! 18 వేలు కూడా ఫార్మాట్ కోసమే తీసుకున్నావా అని అడిగాను. అప్పటిదాకా "అన్నా" అన్నవాడు ఒక్కసారిగా "సార్" అయిపోయాడు. "ఇంతకీ ఆ గ్రాఫ్ ఎవరితో చదివించారు సార్? మీరు చదివి ఉండరులే" అన్నాడు. వెనకాల ఎవరో నవ్వారు కూడా. డబ్బు పోయిన దానికంటే ఆ నవ్వే చెవిలో మోగుతోంది.

ఇంకో తమాషా ఏంటంటే, అది అచ్చంగా నా రిపోర్టే అయినా నాకు ఒరిగేది తక్కువే. ల్యాబ్ కుర్రాడు చెబితే అర్థమైంది. వాళ్ల మెషీన్‌లో ఉన్నది ఫోటోడయోడ్, మడుగులోంచి వచ్చే వెలుతురు ఎంతో కొలుస్తుంది. పౌడర్ సరిగా పరుచుకోలేదా, మడుగు మరీ వేడెక్కిందా అన్న అనుమానం పట్టించగలదు. మాలిబ్డినం కలిసిందా లేదా అన్నది దానికేం తెలుసు? పచ్చ గీత పచ్చగానే ఉంటుంది, లోపల గింజ గింజలాగే ఉంటుంది. హిప్ చేయించేద్దాం, సరిపోతుందని కూడా అన్నాడు మధ్యలో ఆ షాపు అతను. వేడిలో, ఒత్తిడిలో పెడితే లోపలి రంధ్రాలు మూసుకుంటాయి నిజమే. ఇక్కడ జబ్బు రంధ్రాలది కాదు కదా బాబూ.

చేయించుకునేవాళ్లకి రెండు మాటలు. రిపోర్ట్‌లో తేదీ, పొరల సంఖ్య మీ డ్రాయింగ్ ఎత్తుతో సరిచూసుకోండి. అదే ప్లేట్ మీద ఒక చిన్న టెస్ట్ ముక్క ప్రింట్ చేయించి, కోయించి మైక్రోస్కోప్‌లో చూశాకే బ్యాలెన్స్ ఇవ్వండి. వీలైతే ముందే కలిపిన అలాయ్ పౌడరే అడగండి. పొడులు కలిపే పనైతే గింజ సైజు ఎంత, ప్రతి పొరనీ రెండోసారి కరిగిస్తారా అని రాతపూర్వకంగా తీసుకోండి.

నేను బ్యాలెన్స్ 40 శాతం ఆపేశాను, లీగల్ నోటీస్ పంపుతానంటున్నాడు. పంపనీ. కోసిన ఇంపెల్లర్, ఆ 1640 పొరల రిపోర్ట్ రెండూ నా టేబుల్ మీదే ఉన్నాయి.