చిత్తూరులో క్రైస్తవ పుస్తకాల షాపు: కష్టంలో ఉన్నోళ్ళ కోసం ఏదన్నా కొందామని పోతే

నాలుగు స్టార్లు ఇస్తా ఉన్నా. అయిదోది ఎందుకు ఇవ్వలేదో కింద రాసినా, ఓపిక ఉంటే చదవండి. లేకపోతే ఇంతే: షాపు మంచిది, ఓనరన్న ఇంకా మంచోడు, బండి పెట్టుకోడానికి తావు లేదు, ఆదివారం మూసేసి ఉంటాది.

షాపు పేరు ఇక్కడ రాయట్లేదు. చాలా చిన్న షాపు, లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్ల మీద ఉండాల్సిందే. తెలుగు, తమిళం రెండూ దొరుకుతాయి, చిత్తూరు కదా, ఒకే ఇంట్లో అవ్వ తమిళ బైబిల్ చదువుతాది, మనవరాలు తెలుగుది చదువుతాది. జిప్ కవర్ బైబిళ్ళు, పెద్ద అక్షరాల బైబిళ్ళు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, సండే స్కూల్ చార్టులు, వాగ్దానం ఫ్రేములు (బైబిల్ వాక్యం రాసిన పటాలు), కార్లో వేలాడేసే సిలువలు, అన్నీ ఉన్నాయి. రేట్లు మామూలే, బేరం లేదు. ఫోన్‌పే ఉంది.

నేను పోయింది మా చిన్నమ్మ కోసం. వాళ్ళ అబ్బాయి, అంటే నాకు తమ్ముడు, ముప్పై కూడా నిండలేదు, కిడ్నీలు పోయినాయి, డయాలసిస్ మీద ఈడ్చుకుంటా వచ్చి చివరికి పోయినాడు. చర్చిలో కీబోర్డు వాయించేవాడు, ఒక చెడ్డ అలవాటు లేదు. ఆదరణ కూడిక, అంటే పోయినోళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన, పెట్టినాం, వచ్చినోళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పినారు. తోటలో మంచి పువ్వునే దేవుడు కోసుకుంటాడు అని ఒకరు, ఇంకా గట్టిగా ఉపవాస ప్రార్థన పెట్టుకుని ఉండాల్సింది అని ఒకరు, ఒకాయనైతే ఇంట్లో ఎవరిదన్నా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకోండమ్మా అన్నాడు, కాఫీ తాగతా అన్నాడు ఆ మాట. చిన్నమ్మ గమ్మున విన్నది. అందరూ పోయినాక "దేవుడు చేయగలిగినోడే కదా పాపా, మరి ఎందుకు చేయలేదు" అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు, పుస్తకం ఏదన్నా ఉంటే తెద్దామని షాపుకి పోయినా.

ఓనరన్నని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. "కష్టాలు ఎందుకు వస్తాయి అనే దాని మీద ఏమన్నా ఉందానా" అని అడిగితే చటుక్కున బుక్కు తీసి చేతిలో పెట్టలేదు. "ఎవరికి కా, మీకేనా?" అన్నాడు. చిన్నమ్మకి అన్నా. "ఎంతకాలం అయింది?" అన్నాడు. మొన్ననే అని చెప్తే "అట్లయితే ఇప్పుడు ఇవేవీ వద్దు కా, ఇవి మీరు చదువుకోండి, ఆమెకి వద్దు" అని ర్యాక్ చూపించినాడు. అమ్ముకునేవాడు వద్దని చెప్పడం నేను ఎప్పుడూ చూడలే. టీ తెప్పించి స్టూల్ వేసినాడు, నేను ర్యాక్ కాడ కూర్చుని తిరగేసినా, ఏమీ అనలేదు.

ఆ ర్యాక్ గురించి కొంచెం రాస్తా, ఎందుకంటే కష్టంలో ఉన్నోళ్ళు చాలామంది దానికోసమే వస్తారు. ఎక్కువ అనువాదాలే, భాష కొంచెం గట్టిగా ఉంటాది. వాటిల్లో ఎక్కువగా కనిపించే జవాబు, దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చినాడు, మనిషి దాన్ని చెడగొట్టుకున్నాడు, అందుకే లోకంలో చెడు అని. తాగి లారీ నడిపేవోడి విషయంలో ఈ జవాబు సరిపోతాది, కల్తీ చేసేవాడి విషయంలో సరిపోతాది. మా తమ్ముడు ఎవరి స్వేచ్ఛ వల్ల పోయినాడు? 2021 నవంబర్‌లో మన జిల్లాలో కురిసిన వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట తెగుతాదేమో అని ఊర్లకి ఊర్లు ఖాళీ చేయించినారు, ఆ వాన ఎవరి స్వేచ్ఛ? ఒక బుక్కు మాత్రం ఈ ప్రశ్నని దాటేయలేదు, లిస్బన్ భూకంపం గురించి రాసినారు అందులో. 1755 నవంబర్ 1, సకల పరిశుద్ధుల పండగ, జనం గుళ్ళల్లో ఆరాధనలో ఉండగానే పొద్దున్నే భూమి కదిలింది, తర్వాత సముద్రం పొంగింది, తర్వాత మంటలు. దేవుడు చేయగలిగిన లోకాలన్నిట్లో ఇదే మంచి లోకం అని అంతకుముందు దాకా యూరప్ పెద్దలు కొందరు చెప్తా వచ్చిన మాట, ఆ తర్వాత చాలామందికి మింగుడు పడలేదంట. నాకు ఆ చాప్టర్ నచ్చింది, కనీసం నిజాయితీగా ఉంది.

ఇంకో రకం జవాబు, కష్టం మనిషిని ఎదిగేలా చేస్తాది అనేది. పాత కాలం సంఘ పెద్ద ఇరేనియస్ దగ్గర నుంచి వస్తా ఉన్న ఆలోచన అంట. కొంతమందికి నిజమే అనుకుంటా. కానీ ఎదగడానికి ముందు మనిషి బతికుండాలి కదా.

ఇప్పుడు ఆ ఒక్క స్టార్ సంగతి. క్యాష్ కౌంటర్ పక్కనే, చేతికి అందేట్టు పెట్టిన ర్యాక్‌లో 20, 30 రూపాయల చిన్న పుస్తకాలు ఉంటాయి. అందులో ఒకటి, పేరు రాయను, జబ్బు తగ్గలేదంటే విశ్వాసం తక్కువని, లేకపోతే దాచిన పాపం ఉందని చెప్పే బుక్కు. సగం దాకా చదివి పెట్టేసినా. ఆదరణ కూడికలో ఆయన అన్న మాట యాడ నుంచి వచ్చిందో అర్థమైంది నాకు. యేసుప్రభువుని ఇదే ప్రశ్న అడిగినారు కదా, పుట్టు గుడ్డివాణ్ణి చూసి పాపం వీడిదా, వీళ్ళ అమ్మానాన్నదా అని శిష్యులే అడిగితే, ఇద్దరిదీ కాదు అన్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయినారు, వాళ్ళు యెరూషలేంలో మిగతా వాళ్ళకంటే పాపులనుకుంటున్నారా, కాదు అని ఆయనే చెప్పినాడు. ఇంత సూటిగా రాసి ఉన్నా, దానికి ఎదురు చెప్పే బుక్కు అదే బైబిల్ పక్కన పెట్టి అమ్మతా ఉంటే ఒళ్ళు మండదా. అన్నతో ఈ మాటే అన్నా. "అడుగుతారు కా, పెట్టకపోతే వేరే తావ కొంటారు" అన్నాడు. వ్యాపారం, కాదనను. కానీ స్టార్ కట్.

వాగ్దానం ఫ్రేముల మీద కూడా నాది ఒక చిన్న కంప్లైంట్, ఇది ఈ షాపు ఒక్కదాని మీదే కాదు, అన్ని షాపులూ ఇంతే. యిర్మీయా 29:11 ప్రతి ఫ్రేము మీదా ఉంటాది, మీ గురించి నా ఆలోచనలు మేలుకే గానీ కీడుకి కాదు అనే వాక్యం, మా ఇంటి గోడ మీద కూడా ఉంది. దాని పైన 10వ వచనం మాత్రం ఎవరూ ప్రింట్ చేయరు. బబులోనుకి చెరగా పట్టుకుపోయిన వాళ్ళకి రాసిన ఉత్తరం అది, 70 ఏళ్ళు అయినాక మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తా అని. 70 ఏళ్ళంటే ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దోళ్ళల్లో ఎంతమంది తిరిగొచ్చి ఉంటారు చెప్పండి, చాలామంది అక్కడే పోయి ఉంటారు. ఆ రెండు వచనాలూ కలిపి ఒక ఫ్రేము చేస్తే నేను కొంటా. యోబుది కూడా అంతే, బైబిల్లో ఆస్తినీ పదిమంది బిడ్డల్నీ పోగొట్టుకున్న మనిషి ఆయన, యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను అనే 1వ అధ్యాయం మాట స్టిక్కర్ ఉంది, నేను పుట్టిన రోజే లేకుండా పోతే బాగుండు అని అదే యోబు ఏడ్చిన 3వ అధ్యాయం స్టిక్కర్ లేదు.

నా కోసం ఒక చిన్న బుక్కు కొనుక్కున్నా, వేలూరు సీఎంసీ పెట్టిన ఐడా స్కడర్ అమ్మగారి జీవితం. మన చిత్తూరు వాళ్ళల్లో ఆ ఆసుపత్రి గేటు దాటని ఇల్లు ఉండదు అనుకుంటా. వాళ్ళ నాయన డాక్టరు, ఆమెకి మాత్రం ఈ దేశంలో ఉండే ఆలోచనే లేదు, అమ్మకి బాగలేదంటే చూసుకోడానికి వచ్చింది. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు వేరు వేరు ఇళ్ళ నుంచి వచ్చి, కాన్పు కష్టంగా ఉంది రమ్మని అడిగినారు, మగ డాక్టరు వద్దన్నారు, ఈమెకి వైద్యం రాదు, తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ పోయినారు. అమెరికాకి పోయి చదివి 1899లో డాక్టరయింది, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. బుక్కు బాగుంది, ఒక్క రాత్రిలో చదివేసినా. ఒక్క చోట మాత్రం మనసు ఒప్పుకోలేదు, ఆ ముగ్గురి చావు దేవుని ప్రణాళిక అన్నట్టు రాసినారు చివర్లో. ఆసుపత్రి రావడం గొప్పే, మా తమ్ముడికి అక్కడ చేసినంత ఎవరూ చేయలేదు, ఆ నర్సమ్మలకి ఎప్పటికీ రుణపడి ఉంటాం. కానీ ఆ ముగ్గురి మొగుళ్ళకి పోయి ఈ మాట చెప్పగలమా? ఐడా అమ్మగారు ఎందుకు అనే దానికి జవాబు రాస్తా కూర్చోలేదు, ఇంకో ఆడమనిషి అట్లా పోకూడదని చదువుకుంది. ఆమె చేసింది చాలు, మనం దానికి వివరణ తగిలించక్కర్లేదు.

చిన్నమ్మకి ఏం కొన్నానంటే, అన్న చెప్పిన పెద్ద అక్షరాల బైబిల్. ఆమెది పాతది, అక్షరాలు కనిపించడం లేదు. ప్యాక్ చేసే ముందు ఆయనే రెండు రిబ్బన్లు పెట్టిచ్చినాడు, ఒకటి 88వ కీర్తన కాడ, ఒకటి యోబు కాడ. "ఈ కీర్తన చూడండి కా, చివర్లో కూడా మంచి మాట ఒక్కటి రాదు, చీకటే నా చుట్టం అని ఆపేస్తాడు, అయినా పరిశుద్ధ గ్రంథంలో పెట్టినారు" అన్నాడు. యోబు స్నేహితుల గురించి కూడా ఒక మాట అన్నాడు, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద కూర్చుని గమ్మునున్నంతకాలం వాళ్ళు మంచోళ్ళే, నోరు తెరిచినాకే చెడగొట్టుకున్నారు అని. చివరికి దేవుడు కోప్పడేది కూడా ఆ స్నేహితులు ఎలీఫజు వాళ్ళ మీదే, అంత గొడవ పెట్టుకున్న యోబు మీద కాదు.

చిన్నమ్మ చదువుతా ఉంది ఇప్పుడు. యోబు అయిపోయినాక ఫోన్ చేసి "మళ్ళా పదిమంది బిడ్డలు పుట్టినారంట పాపా, మరి పోయిన పదిమంది సంగతి దేవుడు ఎత్తనే లేదే" అనింది. నాకు తెలీదు చిన్నమ్మా అన్నా. "నేను ఆయన్నే అడుగుతాలే" అనింది. ముందు ప్రార్థన కూడా మానేసి ఉండేది, ఇప్పుడు కొట్లాడతా అన్నా చేస్తా ఉంది, అది బైబిల్ వల్లనో టైం వల్లనో నేను చెప్పలేను.

మిగతా వివరాలు. మొదట ఇచ్చిన కాపీలో మధ్యలో కుట్టు వదిలేసి ఉంది, ఇంటికి పోయినాక చూసుకున్నా, మరుసటి రోజు తీసుకుపోతే ఒక్క మాట అడక్కుండా మార్చి రిబ్బన్లు మళ్ళా పెట్టిచ్చినాడు. బిల్లు చేత్తో రాసిస్తాడు, పారేయకండి. మధ్యాహ్నం భోజనానికి మూస్తాడు. డిసెంబర్‌లో మాత్రం పోవద్దు, క్రిస్మస్ స్టార్లు, క్యాలెండర్ల కోసం జనం, మాట్లాడే తీరిక ఉండదు ఆయనకి. మామూలు రోజుల్లో పొద్దున పూట పోయి, ఎవరికోసం, ఏం జరిగింది అని చెప్పి అడగండి, ఊరకనే బుక్కు పేరు అడిగి వచ్చేయకండి.

అన్నా, ఇది మీరు చదువుతా ఉంటే, ఆ 30 రూపాయల బుక్కు కౌంటర్ కాడ నుంచి తీసేసినారని తెలిసిన రోజు అయిదో స్టార్ కూడా వేస్తా.