పల్లె దుకాణాల బల్ల, బొంత, వైన్: ఏళ్లు వాడాక

పల్లెల్లో చేతిపని సామాన్లు అమ్మే చిన్న దుకాణాల్లో కొన్నవి మా ఇంట్లో ఏళ్లుగా వాడుతున్నాం. భోజనాల బల్ల, సొరుగుల బీరువా, ఒక బొంత, అప్పుడప్పుడూ వైన్ సీసాలు. డబ్బు పెట్టాల్సింది మాత్రం ముందు ఫర్నిచర్ మీదే అంటాను.

బల్ల మొత్తం అసలు చెక్క. అలాంటి చెక్క గాలిలో తేమ పెరిగితే వెడల్పులో ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది, పొడవులో మాత్రం దాదాపు కదలదు. పని తెలిసిన వడ్రంగి అందుకే పైపలకను కదలకుండా బిగించేయడు. కిందికి వంగి చూస్తే స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉంటాయి. మా బల్లకి ఇంతవరకూ ఒక్క పగులు రాలేదు. వేడి గిన్నె పెట్టిన చోట తెల్ల మచ్చ పడితే సన్న గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పాలిష్ పట్టించాం, పోయింది. పైన పల్చటి పొర అతికించిన పార్టికల్ బోర్డు అయితే గీకగానే లోపలి పొట్టు బయటపడేది.

బీరువా కొనేటప్పుడు సొరుగు పూర్తిగా బయటికి లాగి మూలలు చూడండి. కొస వెడల్పుగా, మొదలు సన్నగా ఉన్న పళ్లు ఒకదాంట్లో ఒకటి దిగి ఉంటే, ఎంత గుంజినా ముందు పలక ఊడి చేతికి రాదు. ఉత్త మేకులే కనబడితే వదిలేయండి. ముసురు రోజుల్లో మా సొరుగులు బిగుసుకుంటాయి, జారే చోట కొవ్వొత్తి మైనం రుద్దితే సరిపోతుంది. నిజంగా ఇబ్బంది పెట్టేది బరువు. ఇల్లు మారేటప్పుడు చుక్కలు కనిపించాయి.

బొంతను వెనక్కి తిప్పి చూడండి. చేతి కుట్టయితే టాకాకీ టాకాకీ మధ్య ఖాళీ ఉంటుంది, మెషిన్ కుట్టు తెగని గీతలా పోతుంది. ‘చేతిపని’ అని బోర్డు పెట్టిన చోట కూడా నాకు మెషిన్‌వి కనబడ్డాయి, కాబట్టి ఎవరు కుట్టారో అడగండి. ముదురు రంగు ముక్కల మీద తడి తెల్లగుడ్డ రుద్దితే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది. ఉతికాక తీగ మీద వేయొద్దు, నీళ్ల బరువుకి కుట్లు సాగుతాయి. పరిచి ఆరబెట్టాలి. మాదాంట్లో ముందు అరిగింది అంచు పట్టీ. కుట్టినావిడే కొత్తది వేసి ఇచ్చారు. ఊరి దుకాణంలో కొనడంలో నాకు బాగా నచ్చింది ఇదే.

వైన్ రుచి చూపించాకే అమ్ముతారు, అది మంచిదే. కానీ పండ్ల వైన్లు దాచుకునే సరుకు కాదు. ఎక్కువ భాగం తాజాగా ఉన్నప్పుడే బాగుంటాయి, త్వరగా తాగేయాలి. ఎండలో ఆపిన కారులో సీసాలు వదలకండి.