ఆ "డ్రాప్-ఇన్" గేర్‌బాక్స్ కిట్ కొనేముందు ఇది చదవండి

మా డాలస్ ఆదివారం ఎయిర్‌సాఫ్ట్ (చిన్న ప్లాస్టిక్ గోళీలు పేల్చే గన్‌లతో ఆడే ఆట) బ్యాచ్‌లో ఇప్పటికి ముగ్గురు అడిగారు, "అన్నా, నువ్వు తెప్పించిన కిట్ ఎలా ఉంది, మేమూ తీసుకోమా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడే రాస్తున్నాను. తీసుకోవద్దు. ఇప్పటికే తెప్పించి ఉంటే మాత్రం ఇవాళే డబ్బా తెరిచి చూసుకోండి. నేను మోటారు వచ్చేదాకా ఆగుదామని మూడు వారాలు అల్మరాలో పెట్టాను. అసలు నష్టం అక్కడే జరిగింది.

నేను కొన్నది ఎమ్4 మోడల్ గన్‌లో పట్టే వెర్షన్ 2 (ఒక రకం గేర్‌బాక్స్ డిజైన్) కిట్. గేర్‌బాక్స్ అంటే గన్ గుండె: మోటారు తిప్పే గేర్లు పిస్టన్‌ని వెనక్కి లాగి వదిలితే, స్ప్రింగ్ దాన్ని ముందుకు తన్ని, సిలిండర్‌లోని గాలితో గోళీని తోస్తుంది. షెల్ (బయటి పెట్టె), 8 మిల్లీమీటర్ల బుషింగులు (గేర్ల ఇరుసులు తిరిగే చిన్న రింగులు), 18:1 గేర్లు, పిస్టన్, సిలిండర్, ఎమ్100 స్ప్రింగ్, అన్నీ కలిపి 165 డాలర్లు. ప్రకటనలో "డ్రాప్-ఇన్, షిమ్మింగ్ అక్కర్లేదు, 15 స్టీల్ పళ్ల పిస్టన్, ఫుల్ మెటల్" అని ఉంది. డ్రాప్-ఇన్ అంటే సర్దుబాట్లు లేకుండా నేరుగా బిగించేది, షిమ్మింగ్ అంటే గేర్ల సందు సరిచేయడానికి షిమ్‌లు, అంటే పలుచని వాషర్లు, వేయడం. ఫుల్ మెటల్ అన్నది చూడగానే నాకు అనుమానం రావాల్సింది. వెర్షన్ 2 షెల్ దాదాపు ఎవరు చేసినా లోహంతోనే చేస్తారు. ఇడ్లీ పిండి ప్యాకెట్ మీద "మినప్పప్పు కలిపినది" అని గొప్పగా రాసుకున్నట్టుంది అది.

బిగించి, 7.4 వోల్టుల లైపో బ్యాటరీ తగిలించి ట్రిగ్గర్ నొక్కాను. మిక్సీలో చెంచా పడ్డట్టు శబ్దం. పక్క గదిలోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది మోటారు ఎత్తు. గ్రిప్ అడుగున ఉండే స్క్రూ పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ వినాలి. శబ్దం మారితే గొడవ మోటారు కొసన ఉండే పినియన్‌కీ, దానికి తగిలే బెవెల్ గేరుకీ మధ్య ఉన్నట్టు. ఎంత తిప్పినా మారకపోతే గేర్‌బాక్స్ విప్పాల్సిందే. నాకు మారలేదు. (విప్పేటప్పుడు బ్యాటరీ తీసేయండి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, స్ప్రింగ్ వెనక కొసని నిలిపే గైడ్‌ని స్క్రూడ్రైవర్‌తో అదిమి పట్టుకోండి. నా స్ప్రింగ్ ఒకసారి సోఫా కిందికి ఎగిరిపోయింది, గంట వెతికాను.)

పిస్టన్, స్ప్రింగ్ పక్కన పెట్టి గేర్లు మాత్రం వేసి షెల్ బిగించి, వేలితో తిప్పి చూశాను. సరిగ్గా షిమ్ చేసిన గేర్లు వేలు తీశాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటాయి. నావి సగం చుట్టుకే ఆగిపోయాయి. నా షిమ్మింగే తప్పేమో అనుకుని రెండు రాత్రులు 0.1, 0.15, 0.2 మిల్లీమీటర్ల షిమ్‌లు మార్చి మార్చి కూర్చున్నాను. లోపలి మూడు గేర్లలో బెవెల్ కుదిరితే స్పర్ రాసుకుంటుంది, స్పర్ కుదిరితే పిస్టన్‌ని లాగే సెక్టార్ ఊగుతుంది. మూడో రాత్రి విసుగొచ్చి ఖాళీ షెల్‌ని తలకిందులు చేస్తే రెండు బుషింగులు టేబుల్ మీద రాలిపడ్డాయి!

బుషింగ్ అంటే రంధ్రంలో గట్టిగా నొక్కితే గానీ దిగకూడదు. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి చూస్తే బుషింగ్ 7.95 మిల్లీమీటర్లు, ఎడమవైపు రంధ్రం 8.1. బుషింగే కదులుతుంటే దాని మీద తిరిగే గేరుకి ఎన్ని షిమ్‌లు వేసి ఏం లాభం? ఎపాక్సీ జిగురుతో అతికించి, మళ్లీ మొదటినుంచి షిమ్ చేస్తే శబ్దం చాలావరకు తగ్గింది.

తర్వాత క్రోనో, అంటే గోళీ వేగం కొలిచే పరికరం. ఎమ్100 అంటే 0.2 గ్రాముల గోళీ సెకనుకు సుమారు 100 మీటర్లు, అంటే 328 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అడుగులు) దగ్గర్లో రావాలి. నాకు ఒక షాట్ 320, తర్వాతది 275. గాలి లీకు. దీన్ని పరీక్షించడానికి గన్ బిగించనే అక్కర్లేదు. సిలిండర్‌కి హెడ్ (ముందు మూత) తొడిగి, దాని ముక్కుని వేలితో మూసి, పిస్టన్‌ని లోపలికి తోయండి. గాలి ఎదురు తన్నాలి. నాది వెన్నలో కత్తిలా దిగిపోయింది. పిస్టన్ హెడ్ ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) సన్నగా ఉంది. వేరేది వేశాక కుదిరింది.

అంతా సర్దుకుంది అనుకున్నాక, ఆట మధ్యలో, నాలుగు వందల షాట్లు కూడా కాకముందే గన్ ఆగిపోయింది. మోటారు గుయ్యిమని తిరుగుతోంది, గోళీ రావట్లేదు. ఇది పిస్టన్ పళ్లు పోయిన లక్షణం. మోటారు కూడా తిరగకుండా బిగుసుకుపోతే అది వేరే సంగతి. అప్పుడు ట్రిగ్గర్ పట్టుకుని కూర్చోకండి, వైర్లు కాలిపోతాయి.

విప్పితే పిస్టన్ మొదటి పళ్లు పిండి పిండి. అయస్కాంతం పెట్టి చూశాను. సెక్టార్ గేరు చివరగా లాగి వదిలే ఆ ఒక్క పన్ను అంటుకుంది, మిగతా పద్నాలుగూ అంటుకోలేదు. అవి ప్లాస్టిక్ పళ్లు, వెండి రంగు పూశారు. 15 స్టీల్ పళ్లు!

ఇందులో నా తప్పూ ఉంది, దాచను. సెక్టార్ మొదటి పన్ను పిస్టన్ మొదటి పన్నుని నిండుగా ఆనుకుని లాగాలి, కొసకు తగిలి లాగకూడదు. అందుకే సిలిండర్ హెడ్‌కి మందమైన రబ్బరు ప్యాడ్ అతికించి పిస్టన్‌ని కొంచెం వెనక్కి ఉంచుతారు, పిస్టన్ రెండో పన్ను అరగదీస్తారు. "డ్రాప్-ఇన్" అన్న మాట నమ్మి నేను అది చూడలేదు. నిజంగా స్టీల్ పళ్లయితే ఇంకొన్నాళ్లు ఓర్చుకునేవేమో.

అమ్మినవాళ్లకి మూడు మెయిళ్లు పెట్టాను. మొదటిదానికి "మోటారు ఎత్తు సరిచేసుకోండి" అన్నారు. వెర్నియర్ ఫొటోలు పంపితే, రిటర్న్‌కి ఇచ్చే 30 రోజులు దాటాయన్నారు. అయస్కాంతం వీడియో పంపితే వచ్చిన జవాబు చూడండి: గేర్‌బాక్స్ విప్పినందువల్ల వారంటీ చెల్లదట. విడి ముక్కలుగా అమ్మిన కిట్‌ని విప్పకుండా, మూయకుండా ఎలా బిగించాలో వాళ్లే చెప్పాలి.

చివరికి క్రెడిట్ కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాను. రాతపూర్వకంగా అడగడానికి ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ నుంచి 60 రోజులు ఉంటాయి, దాటనివ్వకండి. నాకు పనికొచ్చింది కొన్నరోజే తీసిపెట్టుకున్న ప్రకటన స్క్రీన్‌షాట్. ఇప్పుడు ఆ పేజీలో "స్టీల్ పళ్లు" అన్న మాట లేదు. పిస్టన్, షెల్ డబ్బులు తిరిగొచ్చాయి. షిప్పింగ్, ఓ-రింగులు, ఎపాక్సీ, మూడు రాత్రుల నిద్ర నా ఖాతాలోనే.

మీ దగ్గర ఇప్పటికే ఉంటే పావుగంట పని. పళ్లన్నిటికీ అయస్కాంతం, బుషింగులకి వెర్నియర్, సిలిండర్‌కి వేలు. షెల్ ముందు భాగంలో, సిలిండర్ కిటికీ మూలల్లో టార్చి వేసి కూడా చూడండి, వెర్షన్ 2 పగిలేది ఎక్కువగా అక్కడే. మొత్తం ఫోన్‌లో వీడియో తీయండి. స్ప్రింగ్ వేయకముందే, జిగురు ముట్టుకోకముందే. నేను ముందు జిగురు పూసి తర్వాత ఫొటోలు తీశాను, అమ్మినవాళ్లు ఆ జిగురునే సాకుగా చూపించారు.

ఆ షెల్ ఇంకా నా కారు డిక్కీలో ఉంది. అనుమానం ఉన్నవాళ్లు ఆదివారం వెర్నియర్ తెచ్చుకుని కొలుచుకోవచ్చు. సగం ధరకి ఇస్తావా అని అడగొద్దు, అమ్మను.