మా వదినతో గోదావరి అవతలికి: హేమల్‌కసా, శోధ్‌గ్రామ్, ఆనందవన్

మా వదిన ఆశా వర్కర్, మంథని దగ్గర ఒక చిన్న ఊరు. పని అంటే సగం బాలింతల ఇండ్లకు తిరుగుడే, కాన్పు ఆస్పత్రిలో అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజు ఇట్ల 6 సార్లు పోవాలె, ఇంట్లనే అయితే మొదటి రోజు కూడ కలిపి 7. అన్ని సార్లు పోయి, బిడ్డను తూకం వేసి, జ్వరం చూసి, ఫారం నింపి ఇస్తే దానికి 250 రూపాయలు. ఈ పద్ధతి గడ్చిరోలి నుంచి వచ్చిందని ఎప్పుడో ట్రైనింగ్‌లో విన్నదట. మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా అంటే మాకు గోదావరి అవతలి ఒడ్డే కదా, అప్పటి నుంచి ఒకటే పోరు, "తమ్మీ, ఈ మూడో రోజు ఏడో రోజు లెక్క ఎవ్వలు పెట్టిన్రో ఆ ఊరు చూసొద్దాం పా" అని.

సరే, పోయిన చలికాలం నేను, అన్న, వదిన మా పాత కార్లో 4 రోజులు తిరిగొచ్చినం. వదిన అన్న ఊరు శోధ్‌గ్రామ్, దాంతోపాటు ఆమ్టే కుటుంబం సేవ చేసే హేమల్‌కసా, ఆనందవన్ కూడ చూసినం. పోయే ముందు రోజు కూడ వదినకు టెన్షనే, ఎందుకంటే వాళ్ల ఊర్లో 2 కిలోల ఒక వంద గ్రాముల బరువుతో పుట్టిన బిడ్డ ఉన్నది, దానికి 14వ రోజు విజిట్ మేం లేనప్పుడు పడుతది, పక్కూరి ఆశాకు అప్పజెప్పి, పది సార్లు చెప్పిందే చెప్పి బండెక్కింది.

దారి సంగతి ముందు చెప్తా. మంథని, కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం, అక్కడ గోదావరి బ్రిడ్జి దాటితే సిరొంచ. ఇక్కడి వరకు ఫస్ట్ క్లాస్. సిరొంచలో మహారాష్ట్ర బోర్డులు తప్ప మిగతాదంతా మన ఊరే, చాయ్ హోటల్ ఆయన తెలుగులోనే మాట్లాడిండు, పప్పు కూడ మన పప్పే. ఆ తర్వాత అల్లాపల్లి దాకా అడవి రోడ్డు, మేం పోయినప్పుడు చాలా చోట్ల తవ్వి పెట్టిన్రు, వంద కిలోమీటర్లు అటూఇటూ ఉండే దారికి సగం రోజు పట్టింది. టేకు చెట్లు మాత్రం చూస్తే కడుపు నిండుతది. మధ్యల పోలీసులు ఆపి ఆధార్ చూసిన్రు, ఎక్కడికి అంటే హేమల్‌కసా అన్నం, ఇంకో మాట అడగలే. అల్లాపల్లిలో ట్యాంక్ ఫుల్ చేసుకోండి, చేతిలో క్యాష్ ఉంచుకోండి, భామ్రాగఢ్ (హేమల్‌కసా పక్క ఊరు) దిక్కు ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. వానాకాలం అసలే పోవద్దు, పర్లకోట వాగు పొంగితే భామ్రాగఢ్‌కు దారే ఉండదు.

హేమల్‌కసా లోక్ బిరాదరీ ప్రకల్ప్. ఇది కుష్ఠు రోగుల సేవ చేసిన బాబా ఆమ్టే 1973 డిసెంబర్ 23న మొదలుపెట్టింది, భుజాన వేసుకొని నడిపింది ప్రకాశ్ ఆమ్టే, మందాకిని ఆమ్టే అనే డాక్టర్ దంపతులు. ప్రకాశ్ గారు బాబా ఆమ్టే చిన్న కొడుకు, నాగ్‌పూర్‌లో డాక్టరీ చదివిన్రు, మందాకిని గారు మత్తు డాక్టర్. వాళ్ల నాయన కొడుకులను ఒకసారి ఈ అడవికి పిక్నిక్ తీస్కొచ్చిండట, అక్కడ మాడియా గోండులనే ఆదివాసుల బతుకు చూసినంక ఆ పిక్నిక్ ఇంగ అయిపోనే లేదు. రోడ్డు లేదు, కరెంటు లేదు, గుడిసెలో ఉన్నరు, మొదట్ల జనం వీళ్లను చూసి అడవిలోకి ఉరికేటోళ్లట. భాష నేర్చుకున్నంకనే రోగులు రాబట్టిన్రు. అక్కడి జనానికి కట్టుకోను బట్ట లేదని ప్రకాశ్ గారు తెల్ల బనీను, నిక్కరు మీదికి వచ్చిండు, ఇప్పటికీ అదే వేషం. 2008లో ఇద్దరికీ కలిపి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

భాష అంటే గుర్తొచ్చింది. ఆస్పత్రి ముందు చెట్టు కింద ఒక ముసలామె మనవడితో కూర్చున్నది, వదిన ఊరికే ఉండదు కదా, పోయి పక్కన కూసున్నది. ఆమె "ఏర్" అన్నది చెయ్యి చూపిచ్చుకుంట, వదిన వెంటనే నీళ్ల బాటిల్ ఇచ్చింది. ఏర్ అంటే నీళ్లు, మన ఏరు! వాళ్ల గోండి భాషల ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్క కూడ "ఉండి, రండ్, ముండ్, నాలుంగ్" అని పోతది. మహారాష్ట్రకు వచ్చి మరాఠీ రాక మూగోళ్లమైనం గానీ, గోండి దగ్గర మాత్రం చెవులు నిలబడ్డయి. ఆ ముసలామె ఎంత దూరం నుంచి వచ్చిందో మాకు అర్థం కాలే, సైగలు చూస్తే రెండు రోజులు నడిచినట్టే ఉన్నది.

ఆస్పత్రి గొప్ప బిల్డింగేం కాదు, వైద్యం ఫ్రీ, రోగి పక్కన చుట్టాలుంటరు, బయట పొయ్యి పెట్టుకొని వండుకుంటరు. ఇప్పుడు ఆస్పత్రి ప్రకాశ్, మందాకిని గార్ల కొడుకు దిగంత్, కోడలు అనఘ, ఇద్దరు డాక్టర్లే, వాళ్ల చేతుల మీద నడుస్తది. పక్కనే 1976 నుంచి ఆశ్రమ పాఠశాల ఉన్నది, ఆ బడిలో చదివిన మాడియా పిల్లలు డాక్టర్లయినోళ్లు కూడ ఉన్నరు. నాకు అవార్డుల కంటే ఇదే పెద్ద మాట అనిపించింది. జనం బయటి డాక్టర్‌ను చూసి ఉరికిన ఊర్లల్లకెల్లి, ఒక్క తరంల సొంత డాక్టర్ లేచిండు.

జంతువుల సంగతి. ఇక్కడ చిరుతలు, ఎలుగుబంట్లు, హైనాలు, మొసళ్లు ఉన్నయి. వేటల తల్లి చచ్చిపోయిన కోతి పిల్లను వేటగాళ్ల దగ్గర తీస్కొని సాకుడుతోటి మొదలైందట ఇదంతా. మేం పోయిన రోజు రెండు వ్యాన్ల జనం దిగిన్రు, సీదా పులి ఎక్కడ అని అడిగిన్రు (పులి లేదు, చిరుత), ఫొటోలు దిగిన్రు, ఆస్పత్రి దిక్కు మొఖం కూడ తిప్పలే. పాత వీడియోల్లో డాక్టర్ గారు చిరుతతో ఆడుకునేది చూసి అట్లనే ఉంటదని పోతరు కావచ్చు, అట్లేం ఉండదు, జాలీ బయటనే నిలబడి చూడాలె. జూ కోసమైతే ఇంత దూరం దండగ, హైదరాబాద్‌లోనే చూసుకోండి.

స్టే: ముందుగాల ఫోన్ చేసి చెప్పినం, సింపుల్ రూములు, మంచాలు, దుప్పట్లు, శుభ్రంగ ఉన్నయి. రాత్రి చలి బాగ ఉంటది, స్వెటర్ తప్పనిసరి. తిండి మెస్‌లో అందరితో కలిసి, చపాతి, కూర, పప్పు, అన్నం, ఎవరి ప్లేటు వాళ్లే కడుక్కోవాలె. మా అన్న ఇంట్ల గ్లాసు కూడ ఎత్తడు, అక్కడ మూడు పూటలు ప్లేటు కడిగిండు, వదిన ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నది, అవసరానికి ఉంటదని. పొద్దుగాల భామ్రాగఢ్ మూడు నదుల సంగమం చూడండి, ఇంద్రావతి, పాముల గౌతమి, పర్లకోట. ఆ పాముల గౌతమి పేరు విని ఇది మన పేరే కదా అని చానసేపు నిలబడ్డం.

అక్కడి నుంచి గడ్చిరోలి టౌన్. ఇక్కడ లాడ్జి ఒకటే బాధ. ఆన్‌లైన్‌లో ఫొటోలు మంచిగున్నయని తీసుకున్నం, పేరు చెప్పను, గీజర్ పని చెయ్యలే, బకెట్ వేడినీళ్లకు వేరే పైసలు అడిగిన్రు, బిల్లు అడిగితే రేపు రేపు అన్నరు. పైగా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మందు బంద్, ఆడోళ్లు ఊరూరా కొట్లాడితే వచ్చిన బంద్ అది, అన్నకు ఆ విషయం సాయంత్రం తెలిసింది. మొఖం చూడాలె. వదిన మాత్రం "ఇల్లు ఇక్కడ కొనుక్కుందామా" అన్నది.

ఇగ శోధ్‌గ్రామ్. ధనోరా రోడ్డు మీద చాత్‌గావ్ దగ్గర, గడ్చిరోలి నుంచి అరగంట కూడ పట్టదు. ఇది టూరిస్ట్ ప్లేస్ కాదు, ముందు మెయిల్ పెట్టి, ఎందుకు వస్తున్నమో రాసి, సరే అన్నంకనే పోవాలె. మాకు వారంల జవాబు వచ్చింది, అదీ వదిన ఆశా అని రాసినందుకే అనుకుంట. అభయ్ బంగ్, రాణి బంగ్ అని డాక్టర్ దంపతులు, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో పబ్లిక్ హెల్త్ చదువుకొని వచ్చి 1986లో గడ్చిరోలిలో పని మొదలుపెట్టిన్రు, సంస్థ పేరు సెర్చ్. ఇద్దరికీ 2018లో పద్మశ్రీ. పెద్దోళ్లను మేం కలవలే, కలవాలని అడగను కూడ అడగలే, ఒక చిన్న పిల్ల, మన డిగ్రీ పిల్లల వయసే ఉంటది, హిందీలో చెప్పుకుంట తిప్పి చూపిచ్చింది.

ఆస్పత్రి పేరు "మా దంతేశ్వరి", అంటే దంతేశ్వరి తల్లి, అక్కడి ఆదివాసుల దేవత. గుడిసెల తీరు కట్టిన్రు వార్డులు. ఎందుకంటే, ఆస్పత్రికి ఎందుకు రారని జనాన్నే అడిగిన్రట, వాళ్లు చెప్పిన్రట మీ పెద్ద బిల్డింగుల దారి తప్పుతం, తెల్లబట్టలు మేం శవం మీద కప్పుతం మీరేమో అవే ఏసుకొని తిరుగుతరు, మా వాళ్లను లోపలికి రానియ్యరు, మా దేవత లేదు. అయితే మీరే చెప్పండి ఎట్ల కట్టాలె అన్నరట. వదిన ఇది విని చానసేపు మాట్లాడలే. తర్వాత, "మా దవాఖాన్ల బెంచి మీద కూసోమని కూడ ఎవ్వలనరు తమ్మీ" అన్నది మెల్లగ.

1989లో రాణి బంగ్ గారు పల్లె ఆడోళ్ల మీద చేసిన స్టడీ ల్యాన్సెట్ అనే పేరున్న డాక్టర్ల పత్రికల వచ్చింది, 2 ఊర్లల్ల 650 మందిని చూస్తే నూటికి 92 మందికి ఆడరోగాలు ఏదో ఒకటి ఉన్నది, అంతకుముందు డాక్టర్‌కు చూపెట్టుకున్నది మాత్రం నూటికి 8 మందే. ఆ లెక్క విని వదిన ఏం ఆశ్చర్యపోలే, "మా ఊర్ల లెక్కపెడితే ఇంకేం తక్కువ రాదు" అన్నది.

మా అదృష్టం కొద్దీ ఆ రోజు ఆరోగ్యదూతలకు ఏదో ట్రైనింగ్ ఉన్నది. ఆరోగ్యదూత అంటే ఆ ఊరామెనే, కొంచెం చదువుకున్నామె, ఆమెకు నేర్పి పుట్టిన బిడ్డను ఇంట్లనే చూసుకునేటట్టు చేసిన్రు. 39 ఊర్లల్ల చేసి చూస్తే, పోల్చి చూసిన వేరే ఊర్ల మీద పుట్టిన నెలలోపు చావులు 62 శాతం తగ్గినయి, 1999లో ల్యాన్సెట్‌లోనే అచ్చయింది. 2011లో దేశమంతా ఆశాల చేతికి వచ్చిన ఇంటి విజిట్లు ఈ పని చూసే. అంటే మా వదిన ఫారం పుట్టిల్లు ఇదే.

టీ టైంలో ఒక ఆరోగ్యదూత మా పక్కన కూసున్నది, యాభై దాటి ఉంటది, ఆకుపచ్చ నౌవారి చీర. ఆమెకు మరాఠీ, మా వదినకు తెలుగు. నాకు హిందీ వచ్చు కదా, నేను మధ్యల ఉంట అనుకున్న, నా అవసరమే పడలే. ఆమె సంచి తెరిచింది, వదిన తన సంచి తెరిచింది (ట్రిప్‌కు కూడ తెచ్చుకున్నది!). థర్మామీటర్, థర్మామీటర్. ఉయ్యాల తూకం, ఉయ్యాల తూకం. ఇద్దరు నవ్వుకున్నరు. తర్వాత ఒక సిబ్బంది చదువు రాని మంత్రసానుల కోసం చేసిన పాత పరికరం తెచ్చి చూపిచ్చిండు, ఇసుక గడియారం, పక్కన పూసలు. బిడ్డ ఊపిరి పది సార్లు తీస్తే ఒక పూస జరపాలె, నిమిషం ఇసుక అయిపోకముందే ఎర్ర పూస జరిగిందంటే న్యుమోనియా. పన్నెండు దాటి లెక్క రాని మంత్రసాని కూడ పట్టేస్తది. రెండు నెలల లోపు బిడ్డకు ఊపిరి నిమిషానికి 60, ఆ పైన ఉంటే డేంజర్ అని వదిన కాయితం మీద చదివి నేర్చుకున్నది, ఇక్కడ అదే 60 పూసల రూపంల చేతిల ఉన్నది. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అమ్ముతరా అని అడిగింది. అమ్మరట.

ఇంకొకటి తెలిసింది. ఇక్కడి ఆరోగ్యదూతలు బిడ్డకు సెప్సిస్ (ఒళ్లంత పాకే ఇన్ఫెక్షన్) అనుమానం వస్తే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కూడ ఇచ్చేటోళ్లు, 62 శాతంలో దాని వాటా కూడ ఉన్నది. మా ఆశాలకు సూది ముట్టే పని లేదు, చూసి, రాసి, 108కు ఫోన్ చెయ్యాలె అంతే. సర్కారు విజిట్లు తీసుకున్నది, ఫారం తీసుకున్నది, సూది, నమ్మకం మాత్రం ఇక్కడనే వదిలిపెట్టింది, ఇది నా మాట, వదిన మాట కాదు. వదిన అడిగింది ఒక్కటే, ఆ ఆకుపచ్చ చీరామెకు ఎంత ఇస్తరు అని. ఆమె వేళ్లు చూపిచ్చింది, ఈమె వేళ్లు చూపిచ్చింది, ఇద్దరు మళ్ల నవ్విన్రు గానీ ఈసారి నవ్వు వేరే తీరు.

ఆఖరి రోజు ఆనందవన్, చంద్రాపూర్ దాటి వరోరా దగ్గర. ఫ్యామిలీతో పోవాలంటే ఈ మూడింట్ల ఇదే సులువు, రోడ్డు మంచిది, వరోరాలో రైల్వే స్టేషన్ ఉన్నది, గెస్ట్ హౌస్ ఉన్నది, చూపెట్టే మనుషులుంటరు. బాబా ఆమ్టే, ఆయన భార్య సాధనా తాయి కుష్ఠు రోగులతో కలిసి బండలు పలగ్గొట్టి కట్టిన ఊరు, చేతిలో 14 రూపాయలు, ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవుతో మొదలైందంటరు. మగ్గాలు, చాపలు, వర్క్‌షాపులు, బడి, అన్ని నడిపేది ఒకప్పుడు ఊరు తరిమేసినోళ్లే. వేళ్లు లేని చేతులతో నేసిన దుప్పటి ఒకటి కొన్నం, గట్టిగ ఉన్నది, రేటు కూడ ఎక్కువేం కాదు. తిండి టైముకు పోవాలె, లేటైతే దొరకదు. గ్రూపు వెంట తిరుగుడు మాత్రం కొంచెం హడావిడిగ అయింది, గంటన్నరల అన్ని చూపెట్టేసిన్రు, ఒక రోజు ఆగితే బాగుండు.

ఒక్కటే పోగలమంటే ఏది అని అడిగేటోళ్లకు: పిల్లలతో అయితే ఆనందవన్, అడవి, నది, నాలుగు మాటలు గోండి వినాలంటే హేమల్‌కసా, ఆరోగ్యం పని చేసేటోళ్లయితే మెయిల్ పెట్టి శోధ్‌గ్రామ్.

వాపసు రాజురా, ఆసిఫాబాద్, మంచిర్యాల మీదుగా వచ్చినం. ఆసిఫాబాద్ దగ్గర చాయ్ కోసం ఆపితే వదిన దిగనే లేదు, ఫోన్ చెవికి పెట్టుకొని కూసున్నది, పక్కూరి ఆశాతోటి. "పోయినవా? చెయ్యి కడుక్కున్నవా? బట్ట విప్పి తూకం ఏసినవా, బట్టతోనేనా?" అన్న చాయ్ గ్లాసు కిటికీల నుంచి ఇచ్చిండు, ఆమె పట్టుకోలే. కొంచెంసేపు వినుకుంట ఉన్నది. తర్వాత అన్న దిక్కు తిరిగి, "2 కిలోల 3 వందలు" అని చెప్పి చాయ్ తీసుకున్నది.