సముద్ర రక్షిత ప్రాంతాలు: ముందు ప్రకటన మేలా, ముందు తీర గ్రామం మేలా?

2030 నాటికి సముద్రాలలో 30 శాతాన్ని రక్షణ కిందికి తేవాలని 2022 డిసెంబరులో కున్మింగ్–మాంట్రియల్ ఒప్పందం ద్వారా దేశాలు అంగీకరించినప్పటి నుంచి పాఠకులు ఒకే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు. డబ్బూ సిబ్బందీ తక్కువగా ఉన్న దేశం ఎక్కడ మొదలుపెట్టాలి? రాజధానిలో చట్టం చేసి, విశాలమైన జలాలను ఒకేసారి రక్షిత ప్రాంతంగా ప్రకటించి, ఆ తరువాత నిర్వహణ సంగతి చూసుకోవడం ఒక దారి. తీర గ్రామాలు తమంతట తాము ఒప్పుకున్న చిన్న చిన్న చేపల వేట నిషేధ జలాలతో మొదలుపెట్టి, వాటిని క్రమంగా జాతీయ వ్యవస్థలోకి కలుపుకోవడం రెండో దారి. రెండూ కావాలన్న సమాధానం తప్పు కాదు గానీ, మొదటి ఏడాది నిధులు ఎటు వెళ్లాలో తేల్చుకోవలసిన అధికారికి అది ఎందుకూ పనికిరాదు.

ప్రకటన దారికి ఉన్న బలాలు చిన్నవి కావు. తీరానికి 200 నాటికల్ మైళ్ల దాకా విస్తరించిన ఆర్థిక మండలంలో పెద్ద ఓడలను ఆపే అధికారం ప్రభుత్వానికే ఉంటుంది తప్ప ఏ గ్రామానికీ ఉండదు. ఆస్ట్రేలియాలో 1975 నాటి చట్టంతో ఏర్పడిన గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్కులో వేట పూర్తిగా నిషిద్ధమైన భాగం 2004లో 5 శాతం లోపు నుంచి సుమారు 33 శాతానికి పెరిగింది. పసిఫిక్ ద్వీపదేశమైన పలావు 2015లో చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి తన ఆర్థిక మండలంలో 80 శాతాన్ని రక్షిత జలాలుగా అమలులోకి తెచ్చింది. అయితే ఈ రెండింటినీ ప్రకటన సాధించిన విజయాలుగా చెప్పేవారు వాటి పూర్వచరిత్రను దాటవేస్తారు. ఆస్ట్రేలియాలో 2004 నాటికి ఆ పార్కుకు దాదాపు మూడు దశాబ్దాల అనుభవం ఉన్న ప్రత్యేక సంస్థ ఉంది, మార్పు మీద ప్రజల నుంచి 31,000కు పైగా వినతులు అందాయి. పలావులో గ్రామ పెద్దలు కొన్ని చోట్ల వేటను కొంతకాలం ఆపించే 'బుల్' ఆచారం తరాలుగా ఉంది. రాష్ట్రాల స్థాయి రక్షిత ప్రాంతాలను కలిపే జాతీయ వ్యవస్థకు 2003లోనే చట్టం వచ్చింది.

ఆ పునాది లేనిచోట ఏమవుతుందో మరో పసిఫిక్ ద్వీపదేశం కిరిబాటిలో కనిపిస్తుంది. నాలుగు లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన ఫీనిక్స్ దీవుల రక్షిత ప్రాంతంలో 2015 నుంచి వాణిజ్య వేట ఆగింది, కానీ 2021లో ప్రభుత్వం దానిని తిరిగి తెరవాలని నిర్ణయించింది. ట్యూనా వేట లైసెన్సుల రుసుమే ప్రధాన ఆదాయమైన దేశాన్ని ఇందుకు తప్పుపట్టడం తేలిక. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యంగా తోస్తుంది. ఆ దీవులలో కాంటన్ తప్ప మిగిలినవన్నీ నిర్జనమైనవే. ఆ నిషేధం వల్ల తన వలలో చేప పెరిగిందని రాజధానికి వెళ్లి చెప్పగల మత్స్యకారుడు అక్కడ దాదాపు లేడు.

ఈ రెండు దారులను తూచేటప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ బరువు ఇచ్చేది విస్తీర్ణానికి కాదు, తొలి నిధులు అయిపోయాక, ఆరో ఏట కూడా గస్తీ పడవలో ఎవరుంటారన్న దానికి. 2017లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, సిబ్బంది తగినంతగా ఉన్న రక్షిత ప్రాంతాలలో చేపల సమృద్ధి మీద కలిగిన మేలు, సిబ్బంది చాలని చోట్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉంది. పరిశీలించిన వాటిలో 65 శాతం కనీస నిర్వహణకే బడ్జెట్ చాలడం లేదని చెప్పాయి. సామర్థ్యం అనే మాట సమావేశాలలో గంభీరంగా వినిపిస్తుంది గానీ, ఆచరణలో దాని అర్థం గస్తీ పడవకు డీజిల్, మోటారు చెడితే బాగుచేయగల మనిషి, ఏటా ఒకే పద్ధతిలో చేపలను లెక్కించగలవారు, కోర్టులో నిలబడేలా కేసు రాయగలవారు, నెల తిరిగేసరికి వారందరికీ జీతం. విదేశీ సాయంతో నడిచే ప్రాజెక్టు కొన్నేళ్లలో ముగుస్తుంది, శిక్షణ పొందిన అధికారి బదిలీ అవుతాడు, ఇచ్చిన పడవ ఒడ్డున పడి ఉంటుంది. ఊరి మనిషికి బదిలీ ఉండదు.

ఫిలిప్పీన్స్‌లోని రెండు దీవులు ఈ తేడాను పక్కపక్కనే చూపుతాయి. సిల్లిమాన్ విశ్వవిద్యాలయం చొరవతో, ఏంజెల్ ఆల్కలా వంటి శాస్త్రజ్ఞుల కృషితో, 1974లో సుమిలోన్ వద్ద, 1980ల తొలినాళ్లలో ఆపో వద్ద నిషేధ జలాలు ఏర్పడ్డాయి. స్థానిక పాలన మద్దతు జారిపోవడంతో 1984లో సుమిలోన్‌లో వేట మళ్లీ మొదలైంది, ఆ తరువాత అక్కడ దొరికే చేపలూ తగ్గాయి. ఆపోలో ద్వీపవాసులు తీరంలో ఒక చిన్న భాగాన్ని తామే ఎంచుకుని, తామే కాపలా కాశారు కాబట్టి అది దశాబ్దాలపాటు నిలిచింది, ఇతర తీరాలవారు చూసి నేర్చుకునే చోటుగా మారింది. జాతీయ మద్దతు అనేది ప్రచారచిత్రాల కన్నా ఇలాంటి రాకపోకల వల్లే ఎక్కువగా పెరుగుతుందని నా నమ్మకం. మత్స్యకారుడు శాస్త్రజ్ఞుడి పటం కన్నా తోటి మత్స్యకారుడి మాటను త్వరగా నమ్ముతాడు.

అలాగని గ్రామ దారి లోపాలను దాచనవసరం లేదు. ఊరి నిషేధ జలాలు చాలా చిన్నవి, వలస చేపలకు వాటితో ఒరిగేది తక్కువ, బయటి ట్రాలరు వస్తే ఊరివారి వద్ద మాట తప్ప ఆయుధం ఉండదు. అందుకే చట్టం వెనక నిలబడాలి. ఫిలిప్పీన్స్‌లో 1991 నాటి స్థానిక పాలన చట్టం 15 కిలోమీటర్ల వరకు జలాలను పురపాలికల చేతికి ఇచ్చింది. చట్టం సాయానికి రావడం వేరు, పెత్తనానికి రావడం వేరు. ఆపో 1994లో జాతీయ రక్షిత ప్రాంతమయ్యాక సందర్శకుల రుసుము కేంద్ర నిధిలోకి వెళ్లి, అందులో 75 శాతం తిరిగి రావలసిన చోట జాప్యాలు మొదలయ్యాయి. కరీబియన్ దీవి బొనైర్‌లో కథ ఇంకోలా నడిచింది: 1979లో మొదలైన మెరైన్ పార్కు నిధులు అడుగంటి 1980లలో కాగితానికి పరిమితమైంది, 1992లో డైవర్లపై పెట్టిన ప్రవేశ రుసుము పార్కు నిర్వహణకే వెళ్లడంతో తిరిగి నిలబడింది. వసూలైన డబ్బు అక్కడే ఖర్చు కావాలన్న ఒక్క నిబంధన ఎన్నో శిక్షణ తరగతుల కన్నా ఎక్కువ సామర్థ్యాన్ని నిలబెడుతుంది.

రుణ మార్పిడి, అంటే సముద్ర రక్షణకు హామీ ఇచ్చినందుకు బదులుగా దేశపు అప్పు భారాన్ని తగ్గించే ఒప్పందం, సంగతీ కొందరు అడిగారు. సీషెల్స్ 2.16 కోట్ల డాలర్ల రుణ ఒప్పందంతో ముడిపెట్టి 2020 నాటికి 30 శాతం జలాలను రక్షణలోకి తెచ్చింది, బెలీజ్ 2021లో అలాంటి దారే పట్టింది. అది నిధులు తెచ్చే మార్గమే తప్ప నిర్వహించే పద్ధతి కాదు. నిర్వహణను మొత్తంగా స్వచ్ఛంద సంస్థలకు అప్పగించడం సాధ్యమే అయినా, సంస్థ తప్పుకున్న రోజున మిగిలేది ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

కాబట్టి నా మొగ్గు తీర గ్రామాల వైపు, ఒక షరతుతో: తొలి ఏడాదే వారి గస్తీకి చట్టబద్ధమైన అధికారం, గస్తీవారి జీతాలకు ప్రాజెక్టు నిధులలో కాక ప్రభుత్వ బడ్జెట్‌లోనే ఒక పద్దు ఉండాలి. ఈ వరుసను తిరగేయవలసిన సందర్భం ఒకటుంది. చమురు తవ్వకాలకో, విదేశీ నౌకల వేటకో లైసెన్సు ఇవ్వడానికి దస్త్రం సిద్ధంగా ఉన్నప్పుడు ఊళ్లు ఒప్పుకునేదాకా ఆగితే ఆలోగా కాపాడవలసినదే మిగలకపోవచ్చు; అటువంటప్పుడు ముందు ప్రకటించి, సంప్రదింపులకు గడువును ఆ ప్రకటనలోనే రాసిపెట్టడం మేలు.