సూర్యుడి డోలనాలకు ఏది మేలు: సూట్ ఫొటోనా, ఐరిస్ వర్ణపటమా?

సూర్యుడి మచ్చల మీద ఉండే వర్ణావరణం (ఉపరితలానికి పైనున్న వాయు పొర) సుమారు 3 నిమిషాలకోసారి ఎగసిపడుతుంది. దాని కింద మామూలు ఉపరితలం ఊగేది 5 నిమిషాల లయలో. ఈ తరంగాలు పైకి ఎంత శక్తిని మోసుకెళ్తున్నాయో లెక్క తేలాలి. 6 వేల డిగ్రీలైనా లేని ఉపరితలం మీద పది లక్షల డిగ్రీల కరోనా (సూర్యుడి బయటి వాతావరణం) ఎలా నిలిచిందన్న చిక్కుముడిలో ఆ లెక్క ఒక ముఖ్యమైన పోగు.

ఇందుకు అతినీలలోహిత కాంతిలో రెండు దారులున్నాయి. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లోని సూట్ టెలిస్కోప్ 200–400 నానోమీటర్ల మధ్య 11 ఫిల్టర్లతో ఫొటోలు తీస్తుంది. 2013లో నాసా పంపిన ఐరిస్ ఉపగ్రహం ఒక సన్నని స్లిట్ (చీలిక) గుండా వచ్చిన కాంతిని వర్ణపటంగా విడదీస్తుంది. 280 నానోమీటర్ల దగ్గరి మెగ్నీషియం గీతలు (వర్ణపటంలో ఆ మూలకం వదిలే గుర్తులు) రెండింటికీ అందుతాయి.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు వర్ణపటానికే. ఫొటోలో ఒక చోటు మెరిసిందంటే అక్కడ వేడి పెరిగి ఉండొచ్చు, సాంద్రత పెరిగి ఉండొచ్చు. ఏదో ఫొటో చెప్పలేదు. వర్ణపటంలో గీత జరిగిందంటే వాయువు కదిలిందనే. సెకనుకు 1 కిలోమీటరు వేగానికి మెగ్నీషియం గీత దాదాపు 0.01 ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటరులో పదో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) జరుగుతుంది. మచ్చ మధ్యలో ఆ జరుగుడును కాలంతో పాటు గీస్తే రంపపు పళ్లలా వస్తుంది: ఒక్కసారిగా నీలం వైపు (వాయువు మనవైపు లేస్తే) దూకి, నెమ్మదిగా ఎరుపు వైపు (కిందికి పడితే) వాలుతుంది. అది షాక్ తరంగం గుర్తు. మెరుపూ పైకి లేచే వేగమూ ఒకేసారి పెరిగితే తరంగం పైకి సాగుతున్నట్టు. రెండింటికీ పావు ఆవర్తనం (ఒక ఊపుకు పట్టే కాలంలో నాలుగో వంతు) తేడా ఉంటే ఉన్నచోటే ఊగుతున్నట్టు. శక్తి పైకి చేరుతోందా లేదా అన్నది తేలేది ఇక్కడే. 1975లో వెళ్లిన నాసా ఉపగ్రహం ఓఎస్ఓ-8 వర్ణపటాల్లో వేగాలు కొలిచారు కాబట్టే, కరోనాను వేడెక్కించడానికి ధ్వని తరంగాల శక్తి చాలదని అప్పట్లోనే చెప్పగలిగారు.

అయితే స్లిట్‌కు పెద్ద లోటుంది. ఐరిస్ స్లిట్ వెడల్పు సూర్యుడి మీద దాదాపు 240 కిలోమీటర్లే. మచ్చ అంచుల వైపు పరుగెత్తే తరంగం స్లిట్ దాటిందంటే ఇక కనిపించదు. స్లిట్‌ను జరుపుతూ పోతే విశాలమైన చోటు చూడొచ్చు గానీ, మళ్లీ మొదటి చోటికి రావడానికి 90 సెకన్లు (ఆ లయలో సగం) దాటితే 3 నిమిషాల లయ పట్టుబడదు. తరంగం ఎక్కడ పుట్టి ఎటు పోయిందో చెప్పడంలో ఫొటోదే పైచేయి. పైగా ఆదిత్య ఉండే ఎల్1 బిందువు (భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న చోటు) దగ్గర సూర్యుడికి భూమి ఎప్పుడూ అడ్డురాదు. భూమి చుట్టూ తిరిగే ఐరిస్‌కు ఏడాదిలో కొన్ని నెలలు ప్రతి చుట్టులోనూ గ్రహణం తప్పదు.

ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులకు నా సలహా: ఐరిస్ సమాచారం అందరికీ ఉచితం. మచ్చ మీద స్లిట్‌ను కదపకుండా గంటసేపు చూసిన పరిశీలన ఒకటి తీసుకోండి. 3 నిమిషాల డోలనాలు 20 దాకా దొరుకుతాయి. ఐరిస్ అదే సమయంలో స్లిట్ చుట్టూ తీసిన ఫొటోలను పక్కనే పెట్టుకుని చూడండి.